ఒకటవ తరగతి పలక

జూన్ 12వ తేదీన పాఠశాలలు తెరచుట తెలంగాణమున కొన్ని సంవత్సరములుగా పరిపాటియైనది. ఈ ప్రసంగము వ్రాయుటకు పూర్వము, వాన వెలిసిన ఒక ఉదయమున, మలక్‌పేటలోని ఒక చిన్న ప్రాథమిక పాఠశాలకు పోయి, ఒకటవ తరగతి గదిలో గోడవారగా ఒక పూట కూర్చుంటిని. ఈ విడతలో అక్కడి పిల్లలు నేర్చుకొనుచున్నది చెప్పుటకు ఎంతో లేదు. తెలుగు అక్షరములలో అచ్చులు ముగియవచ్చినవి. అంకెలు ఇరువదివరకు వచ్చినవి. ఇంగ్లీషు అక్షరములు సగమైనవి. తమ ఇల్లు, తమ బడి, తమ వీధి ఎట్లుండునో నోటితో చెప్పుట అభ్యాసము చేయుచున్నారు. ఇంతే. చదువుకొన్న మనకు ఇది ఇంతేయని తోచును గాని, ఈ నాలుగు విషయములలో ఏది ఏ భాషలో ముందు చెప్పవలెనన్న ప్రశ్నకు రెండువందల యేండ్ల చరిత్ర గలదు. అందులో కొంత ఈ నగరముననే జరిగినది.

ఆనాడు టీచరుగారు నల్లబల్లపై 'ఉ' అని వ్రాసి, దానితో మొదలగు మాట నొకటి చెప్పుమనిరి. వాచకములోని బొమ్మ ఉడుతది. ముందు వరుసలోని బాలిక ఉడుత మాట ఎత్తక "ఉల్లిగడ్డ!" అన్నది. ఆమె తండ్రి గంజ్‌లో హమాలీ అట. మలక్‌పేట గంజ్ ఉల్లిగడ్డల వ్యాపారమునకు పేరుపడినదని శ్రోతలకు తెలియును. ఆ బిడ్డ ఉడుతను ఎన్నిమారులు చూచినదో గాని, ఉల్లిగడ్డల బస్తాలను దినమును చూచుచున్నది. ప్రక్కనున్న బాలుడు వెంటనే "మా ఇంట్ల ప్యాజ్ అంటరు టీచర్" అన్నాడు. మధ్యాహ్నపు ఇంగ్లీషు గంటలో ఆ పదార్థమునకే 'ఆనియన్' అను మూడవ పేరు వచ్చినది. ఒక వస్తువునకు ఒక్క దినమున మూడు పేర్లు. ఏ పేరుతో ఆ బిడ్డకు చదువు మొదలు పెట్టవలెను?

ఈ ప్రశ్నను మన ప్రాంతములందు తొలుత లిఖితపూర్వకముగా లేవదీసినవారిలో ఒకడు ఒక ఆంగ్లేయ అధికారి. మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో రాజధాని యందలి బడులెన్ని, చదువుకొను పిల్లలెందరు అని జిల్లా కలెక్టర్ల నడిగెను. బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన సమాధానము వానిలో ప్రసిద్ధమైనది. నాటి బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండిరి. ఆ బడులలో 226 తెలుగు బడులు. ఐదవ యేట మంచి దినము చూచి బాలుని బడిలో చేర్చుట, బియ్యములో వ్రేలితో అక్షరము దిద్దించుట, ఆపై ఇసుకలో వ్రాయించుట, పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చెప్పించుట, ఇవన్నియు అతడు శ్రద్ధతో వర్ణించెను. ఈ ఇసుకవ్రాత, ఈ తోటిపిల్లల బోధన, అతడు మెచ్చుకొన్నవియే. అవి అప్పటికే ఇంగ్లండుకు చేరినవి. చెన్నపట్టణమున అనాథ బాలుర శరణాలయమును నడపిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, ఒక దేశీయ వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుచుండగా చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో లండనునందు దానిపై పుస్తకము ప్రకటించెను. మదరాసు పద్ధతియను పేర అది ఇంగ్లండునందలి పేదపిల్లల బడులలో వ్యాపించినది. మన అరుగుమీది ఇసుక అంత దూరము ప్రయాణము చేసినది.

కాని కాంబెల్ మెచ్చనిది ఒకటి ఉన్నది. అక్షరములు వచ్చిన పిమ్మట బాలురు చదువు పుస్తకములు పద్యములలో ఉండెను. వానిలోని భాష ఇంటిలో మాటలాడు భాష కాదు. పిల్లలు తప్పులేకుండ పైకి చదువుదురు, కంఠస్థము చేయుదురు, అర్థము మాత్రము తెలియదు. చెప్పు పంతుళ్లలోనే అర్థమెరిగినవారు కొలదిమంది అని అతడు వ్రాసెను. పరదేశీయుడు గనుక మన విద్యను తక్కువ చేసినాడని కొందరందురు. కొంత నిజము కావచ్చును. కాని ఈ ఒక్క విషయమున అతడు పట్టిన తప్పు తప్పేయని నా అభిప్రాయము.

మన పెద్దలు 'ఓనమాలు' అని ఒక మాట వాడుదురు. ఓం నమః శివాయ అను మంత్రమునుండి వచ్చినది. దానికి వెంబడి 'సిద్ధం నమః' అనియు పలికించెడివారు. ఇది జైనుల కాలపు చదువునుండి నిలిచిన అవశేషమని పండితులు చెప్పుదురు. శివుని పేరు, జినుని పేరు ఒక్క ఊపిరిలో పలికి అక్షరములు మొదలు పెట్టిన బిడ్డకు ఆ రెండింటి అర్థమును తెలియదు. 19వ శతాబ్దిలో పుదూరు సీతారామశాస్త్రి కూర్చిన బాలశిక్ష, తరువాత పెరిగి పెద్దబాలశిక్షయై, అక్షరములు, గుణింతములు, చిన్న మాటలు, లెక్కలు, తిథివార నక్షత్రములు ఒకచోట చేర్చి, ఇంటింటికి ఒక చిన్న బడిగా నిలిచినది. మెట్టు మెట్టుగా మాటలు పెద్దవగుట దానిలోని మేలు.

లెక్కల సంగతి ఇక్కడనే చెప్పి ముగింతును. నేటి ఒకటవ తరగతి బాలునికి రూపాయ యనగా రూపాయయే. 1950లలో హైదరాబాదు బాలునికి అట్లు కాదు. నిజాము నాణెమైన హాలీ సిక్కా ఒకటి, భారత ప్రభుత్వపు 'కల్దారు' రూపాయ ఒకటి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. రూపాయకు పదునారు అణాలు. వీసమనగా పదునారవ వంతు, పరక యనగా ఎనిమిదవ వంతు. వీనికి ఎక్కములు వేరు. మా తాతగారు వృద్ధాప్యమున సైతము కూరగాయల బేరమున పరకలలో ఆలోచించి, పైసలలో చెల్లించెడివారు. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైస వచ్చినది, 1959లో హాలీ సిక్కా చెల్లుబాటు తొలగినది. బాలుర నెత్తిపై నుండి ఒక బస్తా దింపినట్లైనది. భాష విషయమున అంత సులభముగా దింపుట సాధ్యము కాలేదు.

కాంబెల్ వ్రాసిన దోషమును తెలుగుదేశమున మనసున పెట్టుకొని పనిచేసినవారు గిడుగు రామమూర్తిగారు. వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. ఆ కొండలలోని సవరల భాష నేర్చి, దానిలో పాఠములు వ్రాసి, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. ఆయన రచించిన సవర భాషా గ్రంథమును 1931లో మదరాసు ప్రభుత్వము అచ్చువేసినది. సవర బిడ్డకు ఇంటిమాటలో చదువు కావలెనన్న మనిషి, తెలుగు బిడ్డకు మాత్రము ఎవరును మాటలాడని తెలుగులో పాఠమెందులకని అడుగుటలో వింత లేదు. ఇట్టి భాషలో ఈ వ్యాసము వ్రాయుచు ఆయనను కొనియాడుట కొంత విడ్డూరముగా శ్రోతలకు తోచవచ్చును. ఈ పుటల అలవాటది. ఒకటవ తరగతికి దీనిని పంపవలదు.

ఇక మన నగరము. మలక్‌పేట చాదర్‌ఘాట్ వంతెన దాటిన పిమ్మట మూసీకి దక్షిణమున నున్నది. గోలకొండ ప్రభువు అబ్దుల్లా కుతుబ్‌షా సేవకుడైన మలిక్ యాకూబు పేర వెలసినదని చెప్పుదురు. నిజాముల రాజ్యమున ప్రజలలో సుమారు సగము మంది తెలుగువారు; మరాఠీ, కన్నడము మాటలాడువారు తరువాత. రాజభాష తొలుత పారసీకము. 1880ల నడుమ దాని స్థానమున ఉర్దూ వచ్చినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమమున ఆరంభమైనది. ఇచట న్యాయముగా ఒక మాట చెప్పవలెను. ఇంగ్లీషు లేనిదే ఉన్నతవిద్య లేదని దేశమంతయు నమ్మిన దినములలో, గణితమును, వైద్యమును ఒక భారతీయ భాషలో చెప్పవచ్చునని నిరూపించిన సాహసమది. అందులకై అనువాదశాల నొకటి పెట్టి వందలకొలది గ్రంథములు ఉర్దూలోనికి తెచ్చిరి. ఆ సూత్రము సరియైనది. అది తెలుగు, మరాఠీ, కన్నడ బిడ్డలకు వర్తింపలేదు. పల్లెలోని తెలుగు బాలుడు పై తరగతులకు పోవలెనన్న ఉర్దూ తప్పనిసరి. సొంతముగా బడి పెట్టుకొందమన్న, ప్రభుత్వానుమతి ముందుగా పొందవలెనని 1920లలో నియమము చేసిరి. వీధిబడులనేకము మూతపడినవి.

తెలుగువారు ముందు పట్టుకొన్నది బడిని కాదు, గ్రంథాలయమును. 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము వెలసినది. అటుపిమ్మట 1921 నవంబరు 12వ తేదీ. వివేకవర్ధినిలో సంఘసంస్కార సభ. అధ్యక్షులు మహారాష్ట్ర విద్యావేత్త ధోండో కేశవ కర్వే. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ప్రసంగములు సాగినవి. అల్లంపల్లి వెంకటరామారావుగారు లేచి తెలుగున మాటలాడబోగా సభలో ఈలలు, చప్పట్లు, గేలి. ఆ అవమానము ఫలితముగా నాడే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఈ కథను మనము తరచుగా విందుము. కాని దీని తోక ఒకటి బడికి తగిలి యున్నది, దానిని చెప్పువారు తక్కువ. 1928లో మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు తెలుగు మాధ్యమమున బాలికల పాఠశాల స్థాపించిరి. తెలుగున చదివిన బాలికకు ఉన్నత పరీక్ష పెట్టువారెవరు? ఉస్మానియా మార్గము మూతపడి యున్నది. చివరకు గుర్తింపు లభించినది పూనాలో కర్వేగారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమునుండి. ఏ సభలో తెలుగుమాట గేలికి గురియైనదో, ఆ సభాధ్యక్షుని సంస్థయే ఏడేండ్లకు తెలుగు బాలికలకు తలుపు తెరచినది. హైదరాబాదు బిడ్డ తన భాషలో చదివి, పరీక్షకు మరియొక రాష్ట్రము వంక చూడవలసి వచ్చినది.

1948 సెప్టెంబరు తరువాత ఆ స్థితి మారినది. 1953లో యునెస్కో నిపుణులు, బిడ్డకు తొలి చదువు తల్లిభాషలోనే తగునని ప్రకటించిరి. 1956లో మన రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేరి, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పింపవలెనని నిర్దేశించినది. మలక్‌పేటలో ఉర్దూ మాటలాడు ఇంటి బిడ్డకు ఆనాడు తెలుగుబిడ్డ అడిగినదే దక్కవలెనని దాని భావము.

ఇప్పటి మాట. 2018 చట్టము వలన తెలంగాణమున అన్ని బడులలో తెలుగు నేర్పుట తప్పనిసరియైనది. 2022-23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటినుండి ఎనిమిదివరకు ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది. వాచకము తెరచినచో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు. అదే సంవత్సరమున, చదువుట, వ్రాయుట, లెక్క ఈ మూడును పిల్లలకు గట్టిపరచుటకు 'తొలిమెట్టు' అను కార్యక్రమమును మొదలు పెట్టిరి.

ఇంగ్లీషు కోరు తలిదండ్రులను ఎగతాళి చేయువారున్నారు, వారితో నేనేకీభవింపను. సాయంకాలము గంజ్ వద్ద ఆ బాలిక తండ్రితో మాటలాడితిని. "మా నాయిన్కు ఉర్దూ రాక కచేరీల పని కాలే సార్. నాకు ఇంగ్లీషు రాక బస్తాలు మోస్తున్న. పోరికి అట్ల కావద్దు" అన్నాడు. 1920లలో ఉర్దూ బడి గుమ్మము వద్ద నిలిచిన తండ్రియు ఇదే తలచియుండును. ఏ భాష అధికారమునకు తాళపుచెవియో ఆ భాషను బిడ్డ చేతిలో పెట్టవలెననుట తెలివితక్కువ కాదు.

అయినను ఆ గదిలో నేను చూచినది చెప్పకుండలేను. చుఱుకైన బాలుడొకడు లేచి, ఇంగ్లీషు పుటలోని వాక్యము నొకదానిని తడబాటు లేక చదివెను. వాక్యములో పిల్లి చాపమీద కూర్చున్నది. ఎవరు కూర్చున్నారు నాయనా అని అడిగితిని. నా ముఖము చూచి మరల ఆ వాక్యమునే చదివెను, ఈమారు మరింత గట్టిగా. బళ్లారి కలెక్టరు ఉత్తరము నాకప్పుడే జ్ఞప్తికి వచ్చినది.

టీచరుగారు విసుగుకొనలేదు. పిల్లి బొమ్మ గీసి, "ఏందిది?" అనిరి. పిల్లి అని కొందరు, బిల్లీ అని కొందరు. ఆ రెంటి ప్రక్కన ఇంగ్లీషు మాట వ్రాసిరి. ఆ బాలుని ముఖమున అర్థము తెలియుట కన్నులారా కనిపించినది. ఈ పనికి ఆమెకు పట్టినది రెండు నిమిషములు. పాఠము పూర్తికాలేదని పుస్తకములో గుర్తు పెట్టవలసి వచ్చినదని తరువాత చెప్పిరి. నలువదిమంది పిల్లలు, మూడు ఇంటిభాషలు, ఒక టీచరు. దినమునకెన్ని రెండు నిమిషములు ఆమెకు దొరకును? పథకములను గూర్చి మాటలాడు పెద్దలు ఈ లెక్క కూడ వేయవలెను.

మరునాటి పాఠము 'ఊ'. బడి విడుచుటకు ముందే అందులకు మాటలు వెదకుకొని రండని టీచరుగారు చెప్పిరి. 'ఉ'కు ఉల్లిగడ్డ చెప్పిన బాలిక మెట్లు దిగుచునే "ఊయల" అన్నది. "ఉయ్యాల గదా, అది నిన్నటి అక్షరం" అని వెనుకనున్న పిల్ల అడ్డుపడినది. ఇద్దరును సరియే. గేటుదాక ఆ వాదము తెగలేదు.