మెయిన్‌ఫ్రేమ్‌ల భద్రతా పరీక్షలో నెట్‌వర్క్ స్కానింగ్ స్క్రిప్టులు

ఒక మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరు నెట్‌వర్క్‌లో బయటివాళ్ళకు ఎంతవరకు కనిపిస్తోంది, లాగిన్ కాకముందే తన లోపలి సంగతులు ఎన్ని చెప్పేస్తోంది అన్నది పరీక్షించడానికి రాసిన చిన్న ప్రోగ్రాములను మెయిన్‌ఫ్రేమ్ స్కానింగ్ స్క్రిప్టులు అంటారు. వీటిలో పేరున్నవి ఎక్కువ భాగం ఎన్‌మ్యాప్ అనే ఉచిత స్కానరుకు అనుబంధంగా, లువా భాషలో, 2010వ దశకంలో వచ్చాయి. బ్యాంకులు, బీమా కంపెనీలు, ప్రభుత్వ శాఖలు లెక్కలు నడుపుకొనే ఐబీఎం జెడ్/ఓఎస్ యంత్రాలే వీటి గురి. ఆ యంత్రాల వంశానికి అరవై ఏళ్ళు దాటాయి, ఈ స్క్రిప్టులకు ఇరవై ఏళ్ళు కూడా లేవు. ఇంత ఆలస్యం కావడానికి కారణం సాంకేతిక కష్టం ఒక్కటే కాదు. మెయిన్‌ఫ్రేమ్ భాష తెలిసినవాళ్ళకు దాన్ని తట్టి చూసే పని పడలేదు, తట్టి చూసేవాళ్ళకు ఆ భాష రాలేదు.

తట్టి వినడం

పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు లారీల ఊరు. విజయనగరం నుంచి ఒడిశాలోకి వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. ఊరు దాటి పాచిపెంట వైపు సాగితే కొండలు మొదలవుతాయి. లోడుతో ఘాట్ ఎక్కే ముందు క్లీనరు ఇనుప రాడ్డు పట్టుకుని బండి చుట్టూ ఒక తిరుగుడు తిరుగుతాడు. ఒక్కో టైరుకీ ఒక దెబ్బ. గాలి నిండుగా ఉంటే రాడ్డు ఎగిరిపడి టంగుమంటుంది, తగ్గి ఉంటే దబ్బుమని ఊరుకుంటుంది. చక్రం విప్పనక్కర లేదు, గేజీ పెట్టనక్కర లేదు. జవాబు చప్పుడులోనే ఉంది.

పోర్టు స్కానింగ్ కూడా ఇలాంటి పనే. నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి యంత్రానికీ టీసీపీ లెక్కన 65,535 పోర్టులుంటాయి. స్కానరు ఒక్కో పోర్టుకీ ‘మాట్లాడదామా’ అని చిన్న ప్యాకెట్ పంపుతుంది. సరేనంటే పోర్టు తెరిచి ఉన్నట్టు, వద్దంటే మూసి ఉన్నట్టు, ఉలుకూ పలుకూ లేకపోతే మధ్యలో ఏదో ఫైర్‌వాల్ ఆ ప్యాకెట్‌ను మింగేసినట్టు. ఈ పనికి ప్రపంచమంతా వాడే ఎన్‌మ్యాప్‌ను ఫియోదర్ అనే కలం పేరుతో గోర్డన్ లయన్ రాశాడు. 1997 సెప్టెంబరు 1న ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రిక 51వ సంచికలో దాని సోర్స్‌కోడ్‌ను అచ్చంగా వ్యాసంలోనే ఇచ్చాడు. 2003లో ‘ది మ్యాట్రిక్స్ రీలోడెడ్’ సినిమాలో ట్రినిటీ పాత్ర వాడింది కూడా దీన్నే. సినిమాల్లో కంప్యూటరు తెర మీద నిజమైన పనిముట్టు కనిపించడం అరుదు కనుక భద్రతా వర్గాల్లో ఆ దృశ్యం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

పోర్టు తెరిచి ఉందని తెలిశాక అక్కడ ఉన్నవాడితో ఏం మాట్లాడాలన్నది వేరే ప్రశ్న. దానికోసం 2006 డిసెంబరులో ఎన్‌మ్యాప్ ప్రయోగాత్మక విడుదలలో స్క్రిప్టు ఇంజన్ వచ్చింది, 2007 డిసెంబరు నాటి 4.50 విడుదలతో స్థిరపడింది. స్క్రిప్టులు రాయడానికి ఎంచుకున్న లువా 1993లో బ్రెజిల్‌లోని రియో నగరపు కాథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టిన భాష. పోర్చుగీసులో ఆ మాటకు చందమామ అని అర్థం. ఇప్పుడు ఎన్‌మ్యాప్‌తో 600కు పైగా స్క్రిప్టులు వస్తాయి. వాటిలో మెయిన్‌ఫ్రేమ్‌కు సంబంధించినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మూసిన కోట, తెరిచిన గుమ్మం

ఐబీఎం సిస్టమ్/360 వంశాన్ని 1964 ఏప్రిల్ 7న ప్రకటించింది. ట్రాన్సాక్షన్లు నడిపే సీఐసీఎస్ 1969లో, 3270 టెర్మినల్ 1971లో, ఎస్‌ఎన్‌ఏ అనే సొంత నెట్‌వర్క్ పద్ధతి 1974లో వచ్చాయి. టెర్మినల్ నుంచి మెయిన్‌ఫ్రేమ్ దాకా దారి పొడవునా ఐబీఎం తీగలు, ఐబీఎం నియమాలే. బయటివాడు ఆ దారిలో అడుగుపెట్టాలంటే ముందు భవనంలోకి రావాలి. అందువల్ల తొలి రోజుల్లో భద్రత అంటే తలుపు దగ్గర కాపలా. లోపలివాళ్ళ నుంచి ఫైళ్ళను కాపాడుకోవడం ఎలాగన్న చర్చ షేర్ అనే వినియోగదారుల సంఘంలో బారీ ష్రాగర్ నడిపిన బృందం నుంచి 1970ల నడుమ ఊపందుకుంది. 1976లో ఐబీఎం నుంచి ర్యాక్‌ఎఫ్, 1978లో ష్రాగర్ బృందం నుంచి ఏసీఎఫ్2 వచ్చాయి. ఎవరు ఏ ఫైలు చదవచ్చు, ఎవరు రాయవచ్చు అని అడుగడుగునా తనిఖీ చేసే ఈ ఏర్పాట్లు ఈనాటి కంప్యూటర్లతో పోల్చినా తీసిపోనివి. అంతకుముందే, 1973లో, తమ నిర్వహణ వ్యవస్థ రక్షణను దాటే మార్గం ఏదైనా బయటపడితే సరిచేసే బాధ్యత తమదేనని ఐబీఎం లిఖితపూర్వకంగా ఒప్పుకుంది.

తరువాత ఇంటర్నెట్ వచ్చింది. 3270 తెరను టెల్‌నెట్ మీదుగా పంపే పద్ధతిని 1988 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1041 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం నిర్వచించింది. 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2355 దాని మెరుగైన రూపం. టీఎన్3270 అని పిలిచే ఈ పద్ధతితో బల్ల మీది పచ్చ తెర టెర్మినళ్ళు పోయి, మామూలు పీసీలో ఒక ఎమ్యులేటర్ కిటికీగా మిగిలాయి. ఖర్చు తగ్గింది, అందరికీ వీలుగా ఉంది. కోట గుమ్మం టీసీపీ/ఐపీ వీధిలోకి తెరుచుకుందన్న సంగతి మాత్రం చాలాచోట్ల భద్రతా పుస్తకాల్లోకి ఎక్కలేదు.

పరీక్షకులు ఆ గుమ్మం దాకా వచ్చి వెనుదిరగడానికి ఇంకో కారణం 3270 తీరు. మామూలు టెల్‌నెట్‌లో ఒక్కో అక్షరం వెళ్ళి వస్తుంది. 3270 మాత్రం దరఖాస్తు ఫారం లాంటిది. 24 వరుసలు, 80 నిలువుల తెర మొత్తం ఒకేసారి వస్తుంది, నింపాల్సిన గడులు నింపి ఎంటర్ నొక్కితే మొత్తం ఒకేసారి తిరిగి వెళుతుంది. అక్షరాలు ఆస్కీలో కాదు, ఎబ్సిడిక్ అనే వేరే సంకేతాల్లో ఉంటాయి. సాధారణ స్కానరుకు ఇది అర్థం లేని గిలుకుడు. ‘పోర్టు 23 తెరిచి ఉంది, టీఎన్3270’ అని ఒక వాక్యం రాసి ఊరుకునేది. యంత్రం ఎక్కడ ఆగిపోతుందోనన్న భయంతో మెయిన్‌ఫ్రేమ్ చిరునామాలను స్కాన్ పరిధి నుంచే తప్పించడమూ ఆనవాయితీ అయింది. పాత లారీ కదా, గట్టిగా కొడితే ఊడిపోతుందేమోనని ఆ ఒక్క బండి టైర్లు వదిలేసినట్టు.

స్వీడన్ దెబ్బ

ఈ నమ్మకానికి పెద్ద దెబ్బ 2012లో తగిలింది. స్వీడన్‌లో లోజికా అనే సంస్థ తన మెయిన్‌ఫ్రేమ్‌ల మీద ప్రభుత్వ, వాణిజ్య సమాచారం నడిపేది. ఆ యంత్రాల్లోకి బయటివాళ్ళు చొరబడి, ఐడీలు, పాస్‌వర్డ్‌ల గూఢరూపాలు ఉండే ర్యాక్‌ఎఫ్ డేటాబేస్‌ను పట్టుకుపోయారని ఆ ఏడాది బయటపడింది. ఫైళ్ళు పంచుకొనే పైరేట్ బే వెబ్‌సైటు స్థాపకుల్లో ఒకడైన గోట్‌ఫ్రిడ్ స్వార్త్‌హోమ్ వార్గ్‌ను కంబోడియాలో అరెస్టు చేసి స్వీడన్ పంపారు. 2013 జూన్‌లో రెండేళ్ళ శిక్ష పడింది, అప్పీలులో నోర్డియా బ్యాంకు ఆరోపణ నిలవక ఏడాదికి తగ్గింది. డెన్మార్క్‌లో సీఎస్‌సీ సంస్థ మెయిన్‌ఫ్రేమ్ చొరబాటు కేసులో 2014 అక్టోబరులో అతనికే మూడున్నరేళ్ళు పడ్డాయి. జెడ్/ఓఎస్‌లోని వెబ్ సర్వరు, నెట్‌వ్యూ లోపాలు కొన్ని ఈ దర్యాప్తు తరువాతే సీవీఈ నంబర్లతో లోకానికి తెలిశాయి. మెయిన్‌ఫ్రేమ్ పాస్‌వర్డ్‌లు ఎంత బలహీనమో కూడా అప్పుడే చాలామందికి పట్టింది. పాత పద్ధతిలో అవి ఎనిమిది అక్షరాలు దాటవు, 2005 దాకా పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడా కూడా లేదు.

స్క్రిప్టుల రాక

అదే కాలంలో సోల్జర్ ఆఫ్ ఫోర్‌ట్రాన్ అనే మారుపేరుతో రాసే ఫిలిప్ యంగ్, ఇంటర్నెట్‌లో బాహాటంగా కనిపిస్తున్న మెయిన్‌ఫ్రేమ్ తొలి తెరల బొమ్మలు పోగుచేసి ప్రచురించసాగాడు. 2013లో బ్లాక్ హ్యాట్ సదస్సులో, 2015లో చాడ్ రికన్స్‌రుడ్‌తో కలిసి డెఫ్ కాన్‌లో దీని గురించి ప్రసంగించాడు. అతని తొలి పనిముట్లు పైథాన్‌లో రాసినవి. అవి తెర వెనక ఎక్స్3270 కుటుంబపు ఎమ్యులేటర్‌ను తోలుతూ మనిషి టైపు చేసినట్టే టైపు చేసేవి. 2014లో డొమినిక్ వైట్ విడుదల చేసిన బిర్ప్ అనే పనిముట్టు కూడా ఆ బాటలోదే. తెర మీద కనబడకుండా దాచిన గడులను బయటపెట్టడం దాని ప్రత్యేకత.

వేరే ప్రోగ్రాము మీద ఆధారపడే ఈ పద్ధతి నెమ్మది, పెళుసు. యంగ్ 3270 భాష మొత్తాన్ని లువాలోకి దించి ఎన్‌మ్యాప్‌కు ఒక లైబ్రరీగా ఇచ్చాక అసలు మలుపు వచ్చింది. స్కానరు స్వయంగా ఎబ్సిడిక్ చదవగలిగింది, గడులు నింపగలిగింది. దాని మీద కట్టిన స్క్రిప్టుల్లో తొలి తెరను అచ్చువేసి చూపేది ఒకటి, అప్లికేషన్లకు దారి కలిపే వీటామ్ దగ్గర ఏయే అప్లికేషన్ పేర్లు పలుకుతాయో చూసేది ఇంకొకటి. నాలుగక్షరాల సీఐసీఎస్ ట్రాన్సాక్షన్లను వరసగా పిలిచి ఏవి లాగిన్ లేకుండానే తెరుచుకుంటున్నాయో కనిపెట్టేది మరొకటి. చివరిదాన్ని చిన్నచూపు చూడకూడదు. వ్యవస్థను నిర్వహించే ట్రాన్సాక్షన్ ఒకటి అలా తెరిచి దొరికితే ఇంక పాస్‌వర్డ్‌తో పనే లేదు.

అందరికంటే ఎక్కువ పాఠం చెప్పింది టీఎస్‌ఓ యూజర్ ఐడీల స్క్రిప్టు. టీఎస్‌ఓ అంటే జెడ్/ఓఎస్‌లో మనుషులు లాగాన్ అయి పనిచేసే చోటు. దాని లాగాన్ సంప్రదాయంగా ముందు ఐడీ అడుగుతుంది, తరువాతే పాస్‌వర్డ్. లేని ఐడీ ఇస్తే ఈ పేరుకు ఇక్కడ అనుమతి లేదని ఒక సందేశం, ఉన్న ఐడీ ఇస్తే పాస్‌వర్డ్ గడి ఉన్న తెర వస్తుంది. రెండు జవాబులూ వేరు. టంగు, దబ్బు. పాత పరిమితి ప్రకారం ఐడీ ఏడక్షరాలు మించదు, సంస్థలు వాటిని ఒక వరస క్రమంలో ఇస్తాయి. స్క్రిప్టు ఒక్క పాస్‌వర్డ్ కూడా ఊహించకుండానే ఉద్యోగుల జాబితా పట్టుకొస్తుంది. దీనిని లోపమనాలా, 1970ల మర్యాద అనాలా అన్నది చర్చించుకోవచ్చు. దారి తప్పినవాడికి ‘మీరు పేరు తప్పు చెప్పారు’ అని చెప్పడం నాటి ఆఫీసులో సహాయమే. ఐడీని, పాస్‌వర్డ్‌ను కలిపి అడిగి, ఏది తప్పో చెప్పకుండా ఉండే సదుపాయాన్ని ఐబీఎం తరువాత చేర్చింది. దాన్ని ఆన్ చేయడం మాత్రం ఆ సైటు సిస్టమ్ ప్రోగ్రామరు పని.

ఎన్‌జేఈ స్క్రిప్టులది వేరే కథ. ఒక మెయిన్‌ఫ్రేమ్ నుంచి ఇంకో మెయిన్‌ఫ్రేమ్‌కు జాబులు పంపే ఈ ఏర్పాటు 175వ పోర్టు మీద వింటుంది. నోడు పేరు తెలిసినవాడిని చుట్టంలా చూస్తుంది. స్క్రిప్టులు ఆ నోడు పేర్లను, ఉంటే పాస్‌వర్డ్‌ను, ఊహించి చూస్తాయి. ఈ చుట్టరికపు ప్రమాదం కొత్తది కాదు. 1987 డిసెంబరులో జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయంలో పుట్టిన, రెక్స్ భాషలో రాసిన స్క్రిప్టు ఒకటి తెర మీద క్రిస్మస్ చెట్టు బొమ్మ వేస్తూనే తన నకళ్ళను పరిచయస్తులందరికీ పంపుకుంది. విశ్వవిద్యాలయాలను కలిపే బిట్‌నెట్ మీదుగా పాకి ఐబీఎం సొంత నెట్‌వర్క్‌ను సైతం స్తంభింపజేసింది.

అమీర్‌పేట ఎరిగిన తెర

ఈ యంత్రాలతో తెలుగువారి సంబంధం పరీక్షకుల రాకకు చాలా ముందుది. 1978లో ఐబీఎం భారతదేశం విడిచి వెళ్ళినప్పుడు దాని యంత్రాల నిర్వహణ ప్రభుత్వ రంగంలోని సీఎంసీకి దక్కింది. ఆ సంస్థ రిజిస్టర్డ్ కార్యాలయం తరువాతి కాలంలో హైదరాబాద్ గచ్చిబౌలిలో ఉండేది. 1992లో టాటాలతో కలిసి ఐబీఎం తిరిగి వచ్చింది. ఇక 1990ల చివర వై2కే, అంటే 2000 సంవత్సరపు తేదీల సమస్య, గడువు ముంచుకొస్తుంటే అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కోబాల్, జేసీఎల్, వీశామ్, సీఐసీఎస్, డీబీ2 బోర్డులు వెలిశాయి. ఉత్తరాంధ్ర నుంచి రాయలసీమ దాకా డిగ్రీలు పట్టుకుని వచ్చిన కుర్రాళ్ళు టీఎస్‌ఓ లాగాన్ తెరను కళ్ళు మూసుకుని నింపగలిగేలా తయారై అమెరికా బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో పనికి కుదిరారు.

అమెరికా సదస్సుల్లో ‘ఎవరికీ తెలియని మర్మ యంత్రం’ అని చెప్పుకున్న తెర అది. అమీర్‌పేటలో దానికి జిరాక్స్ నోట్సు దొరికేవి. అయితే ఆ సిలబస్ ప్రోగ్రామరు పనికోసం తయారైంది. ర్యాక్‌ఎఫ్ అనేది ఫైలు తెరుచుకోనప్పుడు అడ్మిన్‌కు టికెట్ పెట్టాల్సిన పేరుగానే చాలామందికి పరిచయం. లాగాన్ తెర తప్పుడు ఐడీకి ఒకలా, సరైన ఐడీకి ఒకలా పలుకుతుందని రోజూ చూసినవాళ్ళు వేలల్లో ఉంటారు. అది బయటివాడికి పనికొస్తుందా అని వాళ్ళను ఎవరూ అడగలేదు.

సొంతంగా నేర్చుకోవాలనుకునేవారికి దారి చూపింది హెర్క్యులిస్. 1999లో రోజర్ బౌలర్ మొదలుపెట్టిన ఈ ఎమ్యులేటర్‌తో ఇంటి పీసీలోనే పాత ఎంవీఎస్ 3.8 నడుపుకోవచ్చు. స్క్రిప్టులు సాధన చేయడానికి ఇతరుల యంత్రం తట్టాల్సిన అవసరం అలా తప్పింది.

భారతదేశంలో నియమాలు

యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులోకి చొరబడటం ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కిందకు వస్తుంది. దురుద్దేశం రుజువైతే మూడేళ్ళ వరకు జైలు లేదా ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 70వ సెక్షన్ కింద రక్షిత వ్యవస్థగా ప్రకటించినదైతే పదేళ్ళ వరకు. బ్యాంకుల విషయానికొస్తే, రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ బ్యాంకింగ్ సాంకేతికతకు పరిశోధన కేంద్రం. బెదిరింపుల సమాచారాన్ని బ్యాంకులు పంచుకొనే ఐబీ-కార్ట్ వేదికను అదే నడుపుతోంది. 2016 జూన్ 2 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు బ్యాంకులు లోపాల పరీక్షలు క్రమం తప్పకుండా జరపాలని చెప్పింది.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కొత్త ఆదేశాలిచ్చింది. ఆరు గంటల్లోగా నివేదించాల్సిన సంఘటనల జాబితాలో మొట్టమొదటిది కీలక వ్యవస్థల మీద గురిపెట్టి చేసే స్కానింగే. లాగ్‌లు 180 రోజులు దాచాలి. అంటే అనుమతి పత్రంలో పరీక్షకుడి ఐపీ చిరునామా, తేదీ, గంటలు రాసుకోకుండా టీఎస్‌ఓ స్క్రిప్టు నడిపితే, అది పరీక్షో దాడో తేల్చుకోలేక ఆ బ్యాంకు ఢిల్లీకి నివేదిక పంపాల్సి వస్తుంది.

అలా పంపాలన్నా ముందు ఆ తట్టుడు వినపడాలి. జెడ్/ఓఎస్‌లో స్కానింగ్‌ను పసిగట్టే ఏర్పాటు ఉంది. గబగబా తట్టేవాడిని, గంటల తరబడి తీరిగ్గా తట్టేవాడిని అది విడివిడిగా గుర్తించగలదు. అయితే దానికి పాలసీ రాసి పెట్టాలి. ర్యాక్‌ఎఫ్ తిరస్కరణలు ఎస్‌ఎంఎఫ్ అనే సిస్టమ్ లాగ్‌లోని 80వ రకం రికార్డుల్లో, టీసీపీ/ఐపీ సంగతులు 119వ రకంలో పడతాయి. అనుభవం ఉన్న పరీక్షకులు స్క్రిప్టు ఆపిన వెంటనే అడిగేది ఆ గంట తాలూకు ఈ రెండు రికార్డులే.