చంద్రుణ్ణి చేరిన మనిషి మళ్ళీ ఎందుకు వెళ్ళలేదు?

1969 జులై 20న మానవుడు చంద్రుడి నేల మీద మొట్టమొదటిసారి కాలు మోపాడు. 1972 డిసెంబరులో అపోలో-17 యాత్రికులు యూజీన్ సెర్నన్, హారిసన్ ష్మిట్ అక్కణ్ణించి తిరుగుప్రయాణం కట్టారు. ఈ మూడున్నరేళ్ళలో ఆరు యాత్రలు జరిగాయి, పన్నెండుగురు చంద్రుడి మీద నడిచారు. ఆ తరువాత అర్ధశతాబ్దం దాటినా పదమూడవ మనిషి అడుగు ఆ నేల మీద పడలేదు. కారణమేమిటి?

అసలు ఎవరూ వెళ్ళనేలేదు, అంతా బూటకమనే వారున్నారు. ఆ యాత్రికులు తెచ్చిన 382 కిలోల రాళ్ళనూ మట్టినీ అనేక దేశాల శాస్త్రజ్ఞులు పరీక్షించారు. అది బూటకమే అయితే బయటపెట్టడానికి అందరికంటె ఎక్కువ అవసరమూ శక్తీ సోవియట్ యూనియన్‌కు ఉండేవి. అది ఆ పని చెయ్యలేదు. కనక ఈ వాదంతో మనకు పనిలేదు. ‘డబ్బు లేదు’, ‘ఆ విద్య మరచిపోయారు’ అనే తక్కిన రెండు జవాబులూ సగం నిజాలు. సగం నిజాన్ని విడదీసి చూడాలి.

దారి దొరికిన చోటికి మనుషులు మళ్ళీ మళ్ళీ వెళ్ళడం చరిత్రలో మామూలు. కొలంబస్ మొదటి యాత్ర 1492లో జరిగింది. మరుసటి ఏడాదే అతను పదిహేడు ఓడలతో బయలుదేరాడు. బంగారం, భూమి, బానిసలు అతని వెనక ఉన్నవారిని పిలిచాయి. దక్షిణ ధ్రువం కథ వేరు. 1911 డిసెంబరులో అముండ్‌సెన్, 1912 జనవరిలో స్కాట్ అక్కడికి చేరారు. పందెం ముగిసింది. మళ్ళీ 1956 అక్టోబరు దాకా, అంటే నలభై నాలుగేళ్ళకు పైగా, అక్కడ మనిషి నిలబడలేదు. అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా పరిశోధన కేంద్రం నిర్మించిన తరువాత ఆ చోటు మళ్ళీ నిర్జనం కాలేదు. పందెం కోసం వెళ్ళినవాడు గెలవగానే ఇంటికి వస్తాడు, పని కోసం వెళ్ళినవాడు అక్కడ గుడిసె వేసుకుంటాడు. చంద్రయాత్ర ఈ రెంటిలో ఏ కోవకు చెందినదో చూద్దాం.

1961 ఏప్రిల్ 12న గగారిన్ భూమిని చుట్టివచ్చాడు. అదే నెలలో క్యూబా మీద అమెరికా పురికొల్పిన దాడి బే ఆఫ్ పిగ్స్ వద్ద చిత్తయింది. ఏప్రిల్ 20న అధ్యక్షుడు కెనెడీ ఉపాధ్యక్షుడు జాన్సన్‌కు ఒక లేఖ రాశాడు. చూసేవారు అబ్బురపడే ఫలితమిచ్చి, తాము గెలవగలిగిన అంతరిక్ష పథకం ఏదైనా ఉన్నదా అన్నది అందులోని ముఖ్యమైన ప్రశ్న. చంద్రుణ్ణి ఎంచుకోవడం అందుకు జవాబుగా వచ్చింది. మే 25న కాంగ్రెసు ముందు ప్రతిజ్ఞ జరిగింది. 1962 నవంబరులో నాసా అధిపతి జేమ్స్ వెబ్‌తో జరిగిన సమావేశంలో కెనెడీ, తనకు అంతరిక్షం మీద అంత ఆసక్తి లేదనీ, రష్యన్లను మించడం కోసం తప్ప ఇంత ఖర్చును సమర్థించలేమనీ స్పష్టంగా చెప్పాడు. ఆ సంభాషణ రికార్డయి ఉన్నది. 1963 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితిలో ఇద్దరమూ కలిసి వెళదామని ప్రతిపాదించినవాడూ ఆయనే. ఆ ప్రతిపాదన ఆయనతోనే పోయింది.

లక్ష్యం పందెం కావడం వల్ల ఖర్చూ పందెం ఖర్చులాగే సాగింది. అపోలోకు దాదాపు 2,500 కోట్ల డాలర్లు పట్టాయి. పని ముమ్మరంగా సాగిన రోజుల్లో నాలుగు లక్షల మంది పనిచేశారు. 1966లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఖర్చు పెట్టిన ప్రతి వంద డాలర్లలో నాలుగుకు పైగా నాసాకు పోయాయి. ఆ తరువాత నుంచి తగ్గుదలే. 1970 దశకం మధ్యకు ఆ వాటా ఒక డాలరుకు దిగింది, ఇటీవలి సంవత్సరాల్లో అర డాలరుకూ తక్కువే. గమనించవలసిన విషయమేమంటే, ఈ కోత విజయం తరువాత మొదలు కాలేదు, ముందే మొదలయింది. చంద్రుడి దాకా మోసుకుపోగల శాటర్న్-5 రాకెట్లు పదిహేనుతో సరి, ఇక చేయవద్దని 1968లోనే నిర్ణయం జరిగింది. అంటే ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపేసరికే దారి సగం మూతపడి ఉన్నది. 1970లో చివరి మూడు యాత్రలూ రద్దయ్యాయి. చంద్రుడి మీద స్థావరం, ఆపైన అంగారక యాత్ర అంటూ నిపుణుల సంఘం 1969లో ఇచ్చిన ప్రణాళికను నిక్సన్ పక్కన పెట్టాడు. 1972 జనవరిలో ఆయన ఆమోదించింది స్పేస్ షటిల్‌ను మాత్రమే. దాని కొలతలను నిర్ణయించడంలో వైమానిక దళం అవసరాలు పెద్ద పాత్ర వహించాయి.

అప్పటికి వియత్నాం యుద్ధం ఖజానాను మింగుతున్నది. నల్లజాతి ప్రజలుండే నగరాలు రగులుతున్నాయి. అపోలో-11 బయలుదేరబోయే ముందు పౌరహక్కుల నాయకుడు రాల్ఫ్ అబర్నతీ పేద కుటుంబాలనూ, కంచరగాడిదల బళ్ళనూ వెంటబెట్టుకుని ప్రయోగ కేంద్రం దగ్గరికి వచ్చాడు. నాసా అధిపతి థామస్ పెయిన్ ఆయనకు ఎదురువెళ్ళి, రాకెట్టును ఆపినంత మాత్రాన పేదరికం తీరేటట్టయితే మీట నొక్కకుండా ఉంటామన్నాడు. ఆ మాట నిజమే కావచ్చు. కాని అబర్నతీ అడిగింది రాకెట్టు ఆపమని కాదు. చంద్రుడి దాకా పోగల దేశం తన బిడ్డలకు తిండి పెట్టలేకపోవడమేమిటని. ఆ ప్రశ్నకు మీటలో జవాబు లేదు. ఆ దశాబ్దంలో చంద్రయాత్ర అంత ఖర్చుకు తగినదేనన్నవారు సగానికి మించింది దాదాపు ఆ జులై నెలలో మాత్రమే. ప్రజల అవసరంలో వేళ్ళూనని పథకాన్ని నిలబెట్టడానికి ప్రజలు ముందుకు రాలేదు.

సోవియట్ యూనియన్ ఎందుకు వెళ్ళలేదన్న ప్రశ్నను దాటవెయ్యడం మనకు తగదు. స్పుత్నిక్‌నూ గగారిన్‌నూ పంపిన దేశం చంద్రుడి మీదికి మనిషిని పంపలేకపోయింది. ఇంధనం విషయమై కొరల్యోవ్, గ్లుష్కో తగవుపడి విడిపోయారు. డబ్బూ పరికరాలూ పోటీ సంస్థల మధ్య చీలిపోయాయి. 1966 జనవరిలో కొరల్యోవ్ మరణించాడు. ఎన్-1 అనే బ్రహ్మాండమైన రాకెట్టు 1969 నుంచి 1972 వరకు నాలుగుసార్లు ఎగరబోయి నాలుగుసార్లూ విఫలమైంది. ఆ పథకం ఉన్నదన్న సంగతినే ఏళ్ళ తరబడి స్వదేశ ప్రజలకు చెప్పలేదు. అయితే 1970లో లూనా-16 మనిషి లేకుండానే చంద్రుడి మట్టిని తెచ్చింది, లునోఖోద్ బండి ఆ నేల మీద తిరిగింది. యంత్రం పోగల చోటికి మనిషే ఎందుకు పోవాలనే ప్రశ్న అప్పటి నుంచీ బలంగా నిలిచింది. ప్రత్యర్థి తప్పుకున్నాక అమెరికాకు పరుగెత్తే అవసరం పోయింది. సోషలిస్టు పేరుతో నడిచినా సరే, గోప్యతా ప్రతిష్ఠా విజ్ఞానాన్ని ఎంతో దూరం మోసుకుపోలేవని ఈ చరిత్ర చెబుతున్నది.

ఇక ‘విద్య మరచిపోయారు’ అన్న మాట. శాటర్న్ పటాలు పోలేదు, మైక్రోఫిల్ముల మీద ఉన్నాయి. పోయింది శ్రమ సంప్రదాయం. అపోలో గణనయంత్రం జ్ఞాపకాన్ని రాగి తీగతో చేత్తో అల్లినవారు కర్మాగారాల్లోని స్త్రీలు. చంద్రుడి మీద వేసుకున్న దుస్తులు కుట్టినవారు అంతకుముందు ఆడవారి లోదుస్తులు కుట్టిన దర్జీలు. ఆ చేతులు పని నుంచి తొలగిపోయాయి, వర్క్‌షాపులు మూతపడ్డాయి, విడిభాగాలు చేసే సంస్థలు వేరే సరుకులకు మళ్ళాయి. పటం చూసి రాకెట్టు తయారు కాదు. నైపుణ్యం మనుషుల మధ్య బతుకుతుంది. వారిని చెదరగొడితే అదీ చెదురుతుంది.

ఆ తరువాతి ప్రయత్నాల గతి ఇదే. 1989లో పెద్ద బుష్ చంద్రుడికీ అంగారకానికీ వెళదామన్నాడు. ఇరవై ముప్పై ఏళ్ళలో 50,000 కోట్ల డాలర్లవుతుందన్న అంచనా వినగానే కాంగ్రెసు వెనుదీసింది. 2004లో చిన్న బుష్ ఆరంభించిన పథకాన్ని 2010లో ఒబామా ప్రభుత్వం రద్దు చేసింది. నాలుగేళ్ళకో ఎన్నిక, ఏటేటా బడ్జెట్టు ఉన్న వ్యవస్థలో ఇరవై ఏళ్ళ పని నిలవాలంటే దాని వెనక భయమో లాభమో ఉండాలి.

ఇప్పుడు ఆ రెండూ తిరిగి వచ్చాయి. 2008లో మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-1లోని పరికరం చంద్రుడి మీద నీటి జాడను పట్టి ఇచ్చింది. చైనా యంత్రాలు 2020లో ఇవతలి వైపు నుంచీ, 2024లో అవతలి వైపు నుంచీ మట్టి తెచ్చాయి. 2017లో అమెరికా తిరిగి సంకల్పం చెప్పుకున్నది. 2022లో దాని మనుషులు లేని నౌక చంద్రుణ్ణి చుట్టివచ్చింది. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో దిగింది. అంతకు కొద్ది నెలల ముందు, పత్రికల్లో పెద్ద చర్చ లేకుండానే, మన దేశం అమెరికా రూపొందించిన ఆర్టెమిస్ ఒప్పందాల మీద సంతకం చేసింది.

చంద్రుడు ఏ రాజ్యానికీ సొత్తు కాదని 1967 ఒడంబడిక అన్నది. అక్కడి వనరులను తవ్వి తీసినవారు సొంతం చేసుకోవచ్చని 2015లో అమెరికా చట్టం చేసింది. చంద్రుణ్ణి మానవాళి ఉమ్మడి ఆస్తిగా ప్రకటించిన 1979 ఒప్పందాన్ని పెద్ద రాజ్యాలు ఆమోదించలేదు. మనిషి మళ్ళీ వెళతాడు, అందులో సందేహానికి తావు లేదు. పోటీదారుగా వెళ్ళినప్పుడు జెండా పాతి వచ్చాడు. ఈసారి గుత్తేదారుగా వెళితే కంచె పాతుతాడు. దక్షిణ ధ్రువంలో లాగా పరిశోధకుడుగా వెళ్ళే మార్గం కూడా ఉన్నది. అది దానంతట అది తెరుచుకోదు. విజ్ఞాన శాస్త్రం ఎవరి కోసం, ఎవరి అదుపులో నడవాలన్న ప్రశ్నను ప్రయోగశాల బయట ఉన్న మనం, తరగతి గదుల్లోనూ సభల్లోనూ, ఇప్పుడే అడగాలి. కంచె వేశాక అడిగితే జవాబు చెప్పేవారుండరు.