ప్యారిస్ పాడిన గోల్కొండ రాణి

1766 ఏప్రిల్ 15. ప్యారిస్‌లోని ట్యూలరీ రాజప్రాసాదంలో తెర లేచింది. ఒపెరా సంస్థ సొంత భవనం మూడేళ్ల కిందట అగ్నికి ఆహుతైంది. కొత్తది సిద్ధమయ్యేదాకా గాయకులు, నర్తకులు, వాద్యకారులు అంతా రాజుగారి రంగశాలలోనే తలదాచుకున్నారు. ఆ రోజు తొలిసారి ఆడిన సంగీత నాటకం ‘ఆలీన్, గోల్కొండ రాణి’. రచన సెదేన్, సంగీతం మోంసిన్యీ. కిరీటం పెట్టుకుని రాణిగా వచ్చిన గాయని సోఫీ ఆర్నూ.

ఆర్నూ వయసు అప్పటికి 26. మారీ ఫెల్ దగ్గర పాట, క్లెరాన్ దగ్గర నటన నేర్చుకుని 1757లో ఒపెరాలో అడుగుపెట్టింది. ఆమెది హాలు దద్దరిల్లే గొంతు కాదు. మాటను భావంతో పలకడంలో, కంటతడి పెట్టించడంలో ఆమెకు సాటి లేదని పేరు. స్వరకర్త రామో నాటకాల్లో విషాద నాయిక ఆమే, ఇక్కడ సరదా కథలో రాణీ ఆమే. తర్వాత 1774లో స్వరకర్త గ్లూక్ ప్యారిస్ వచ్చి ‘ఇఫిజెని’ని రంగానికెక్కించినప్పుడు నాయిక పాత్ర ఆమెకే దక్కింది. ఆ వేషంలో ఆమె పాలరాతి విగ్రహాన్ని శిల్పి హూదాన్ చెక్కాడు. పాటతో సమానంగా ఆమె చమత్కారాలకూ ప్యారిస్‌లో గిరాకీ ఉండేది. ఎదుటివాళ్లు ఎంతటివారైనా మాట విసరడానికి ఆమె వెనుకాడేది కాదు.

గోల్కొండ రాణి కథ అల్లినవాడు బూఫ్లేర్ అనే కుర్రవాడు. మతగురువు కావడానికి చదువుకుంటూ 1761లో ఈ చిలిపి కథ రాశాడు. దాంతో ఆ చదువూ ఆగింది. ఆలీన్ ఫ్రాన్సులో ఒక పల్లెటూరి పాలపిల్ల. లోయలో పాలకుండతో వెళ్తుంటే ఒక దొరబిడ్డ ఎదురయ్యాడు. వాళ్ల సరసంలో కుండ పోయింది, పిల్లకు ఊళ్లో పరువూ పోయింది. ఎన్నెన్నో చేతులు మారి, సముద్రాలు దాటి, చివరికి ఆమె గోల్కొండకు రాణి అయింది. పుట్టిన ఊరి మీద బెంగతో అక్కడి వాగును, గుడిసెలను అచ్చంగా తన రాజ్యంలో కట్టించుకుంది. ఆ దొరబిడ్డే సేనానిగా ఇండియాకు వచ్చి, ఆ లోయలో నిలబడి, తానెక్కడున్నాడో తెలియక తికమకపడతాడు. ఒపెరాకు ఇంతకన్నా ఏం కావాలి? పల్లె పాటలకు పల్లె, దర్బారు నాట్యాలకు దర్బారు, రెండూ ఒకే కథలో దొరికాయి.

అసలు గోల్కొండను కుతుబ్‌షాహీలు పోగొట్టుకుని అప్పటికి 79 ఏళ్లు. 1687లో ఔరంగజేబు దాన్ని మొగలు రాజ్యంలో కలిపేసుకున్నాడు. అయినా ఆ పేరు ప్యారిస్‌లో చెక్కుచెదరలేదు. కారణం వజ్రాలు. ఆ వజ్రాలు గోల్కొండ కోటలో పుట్టలేదు. అక్కడికి అమ్మకానికి వచ్చేవి. పుట్టింది కృష్ణ ఒడ్డున ఉన్న గనుల్లో. వాటిలో పెద్దది కొల్లూరు, ఇప్పటి పల్నాడు జిల్లా బెల్లంకొండ మండలంలోనిది.

కొల్లూరును యూరపుకు విపులంగా పరిచయం చేసినవాడు కూడా ఫ్రెంచివాడే. ప్యారిస్‌లో పుట్టిన నగల వర్తకుడు జాన్ బప్తీస్త్ తావెర్నియే 17వ శతాబ్దం నడుమ గోల్కొండ నుంచి తూర్పుగా ఏడు రోజులు ప్రయాణించి ఈ గనికి వచ్చాడు. 1676లో ప్యారిస్‌లో అచ్చయిన తన యాత్రల పుస్తకంలో అక్కడి పనిని దశలవారీగా రాశాడు. చిరుధాన్యం చల్లుకోవడానికి నేల తవ్వుతున్న ఒక పేదవాడికి మెరిసే రాయి దొరకడంతో గని బయటపడిందని తనకు చెప్పారట. తాను చూసేసరికి అక్కడ 60,000 మంది దాకా పనిలో ఉన్నారని ఆయన లెక్క. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారు.

తవ్వకానికి ముందు ఒక పూజ. పనివాళ్లు బంధువులతో సహా చేరి, రాతి దేవుణ్ణి నిలిపి, మొక్కి, భోజనాలు చేశాకే గునపం పట్టేవారు. పక్కనే చదును చేసిన నేల చుట్టూ రెండడుగుల ఎత్తు గోడ కట్టేవారు. 10 నుంచి 14 అడుగుల లోతున నీళ్లు పడేదాకా తవ్వి, మట్టిని ఆ గోడల మధ్య పోసి, గోతిలో ఊరిన నీళ్లనే దాని మీద పోసేవారు. ఒకటి రెండు రోజులు నానాక గోడ అడుగున ఉన్న కంతలు తెరిస్తే బురద నీరు కొట్టుకుపోయి ఇసుక మిగిలేది. దాన్ని ఎండబెట్టి చేటలతో చెరిగి, గడ్డలను రోకళ్లతో దంచి, మళ్లీ చెరిగి, చివరికి వరుసగా కూర్చుని చేత్తో వెతికేవారు. కళ్లం పని తెలిసిన రైతు ఎవరైనా చూడగానే పోల్చుకోగల పద్ధతి అది.

అలా దొరికిన రాళ్లలో కొన్ని ప్యారిస్ చేరాయి. తావెర్నియే 14వ లూయీకి అమ్మిన పెద్ద నీలి వజ్రం కొల్లూరుదేనని రత్నశాస్త్రజ్ఞులు భావిస్తారు. 1673లో దాన్ని రాజుగారి కోసం మళ్లీ సానబట్టారు. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1792లో, అది దొంగల పాలైంది. దాన్నే తిరిగి కోసి చేసిన 45.52 కారట్ల ‘హోప్’ వజ్రం 1958 నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌లో ఉంది. కృష్ణా తీరపు గనుల్లోనే దొరికిన మరో రాయి ‘రీజెంట్’, 140 కారట్ల పైచిలుకు. 1717లో ఫ్రాన్సు కొన్న ఆ రాయి 1722లో 15వ లూయీ పట్టాభిషేకపు కిరీటంలో మెరిసింది. ఆర్నూ గోల్కొండ రాణిగా పాడిన 1766లోనూ ఆ రాజే గద్దె మీద ఉన్నాడు.

ప్యారిస్ అభిమానం వెనుక వజ్రాలతో పాటు ఒక పోయిన రాజ్యం దిగులు కూడా ఉంది. 1750లలో ఫ్రెంచి సేనాని బుస్సీ హైదరాబాదు దర్బారులో చక్రం తిప్పాడు. మచిలీపట్నం, నేటి పల్నాడు జిల్లాలోని కొండవీడు, ఆపైన ఉత్తర సర్కారులు ఒకదాని తర్వాత ఒకటి ఫ్రెంచివారి చేతికొచ్చాయి. 1758లో కొత్త సేనాధిపతి లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకోవడంతో కథ అడ్డం తిరిగింది. ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఇంగ్లీషువారు గెలిచారు. 1761 జనవరిలో పుదుచ్చేరి పడిపోయింది. బూఫ్లేర్ కథ వచ్చింది ఆ ఏడాదే.

ఒపెరా మొదలైన మూడున్నర వారాలకు, 1766 మే 9న, అదే ప్యారిస్‌లో లాలీ తల నరికారు. ఇండియాలో రాజుకు ద్రోహం చేశాడన్నది నేరారోపణ. రంగస్థలం మీద ఫ్రెంచి సేనాని గోల్కొండలో అడుగుపెట్టి రాణిని చేపడుతుంటే, బయట గ్రేవ్ చౌకులో ఇండియా నుంచి ఓడివచ్చిన సేనాని వధ్యశిల మీద మోకరిల్లాడు. ఆ నవంబరు 12న నిజాం ఒప్పందంతో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ పరమయ్యాయి. నేల మీద చేజారిన గోల్కొండ పాటలో ఫ్రాన్సుకే దక్కింది, అదీ ఒక ఫ్రెంచి పాలపిల్ల రాజ్యంగా.

ఆ పాత్ర తర్వాత యూరపంతా తిరిగింది. 1776లో స్టాక్‌హోంలో ఉత్తీనీ సంగీతంతో రాణి స్వీడిష్‌లో పాడింది. 1787లో జర్మనీలోని రైన్స్‌బెర్గ్ దర్బారులో షుల్జ్ కొత్త బాణీలు కట్టాడు. 1803లో ప్యారిస్‌లోనే బెర్తాన్, ఆ మరుసటి ఏడాది రష్యా జారు కొలువులో బ్వాల్ద్యూ అదే కథను మళ్లీ ఎత్తుకున్నారు. 1822లో వియన్నా హాస్య రంగస్థలం దీన్ని తనకు తగ్గట్టు మార్చుకుంది. అక్కడి ఆలీన్‌కు బెంగ వియన్నా మీద! 1828లో జెనోవాలో కొత్తగా తెరిచిన కార్లో ఫెలీచె రంగశాల కోసం దోనిజెత్తీ ఇటాలియన్‌లో మరో రూపం రాశాడు. 1987లో రవెన్నాలో దాన్ని మళ్లీ ఆడించారు. స్వీడన్ స్వరకర్త బేర్వాల్డ్ 1860లలో రాసిన గోల్కొండ రాణి మాత్రం ఆయన పోయిన నూరేళ్లకు, 1968లో, రంగస్థలం ఎక్కింది. కథే కాదు, పేరూ ప్రయాణించింది: అమెరికాలో ఇల్లినాయ్, నెవాడా రాష్ట్రాల్లో గోల్కొండ అనే ఊళ్లు వెలిశాయి. ఇన్ని భాషల్లో ఇందరు పాడిన ఈ కథకు కొల్లూరు పేరు అంటలేదు.

ఆలీన్ వెనకబడ్డాక భారత కన్యగా ఫ్రెంచి గాయనులకు దొరికిన కొత్త పాత్ర లక్మే. 1883లో ప్యారిస్‌లో దెలీబ్ కట్టిన ఈ ఒపెరాలో నాయిక బ్రాహ్మణ పూజారి కూతురు. చిరుగంటల సవ్వడిని గొంతుతో పలికించే పాట ఆమె అగ్నిపరీక్ష. 20వ శతాబ్దంలో ఈ పాత్రతో ముడిపడిన పేరు మాదీ మెస్ప్లే. తులూజ్‌లో 1931లో పుట్టిన ఆమె 1953లో బెల్జియంలోని లియేజ్‌లో లక్మేగానే తొలి వేషం కట్టింది. ఆ తేలిక గొంతుతోనే ఆఫెన్‌బాక్ హాస్య నాటికలు, మోట్సార్ట్ రాత్రి రాణి, షోన్‌బెర్గ్ కఠిన స్వరాలు అన్నీ పాడింది. 1966లో స్వరకర్త బెట్సీ జోలాస్ రచనలో మూడు తంత్రీవాద్యాల మధ్య నాలుగో వాద్యం ఆమె గొంతే. ఆర్నూ నాటి నుంచి మెస్ప్లే దాకా ఫ్రెంచి గాయని ఇండియాను పాడడమంటే ఇండియా చీర కట్టిన ఫ్రెంచి ఊహను పాడడమే.

వజ్రాల గనుల సీమ పల్నాడుకు సొంత నాయకురాలు లేకపోలేదు. 12వ శతాబ్దం చివర గురజాలలో నలగామరాజు కొలువులో మంత్రాంగం నడిపిన నాగమ్మ కథ పల్నాటి వీరగాథల్లో సగం. మాచెర్ల బ్రహ్మనాయుడితో ఆమె కట్టిన కోడిపందెం, ఓడినవారి ఏడేళ్ల వలస, చివరికి నాగులేటి ఒడ్డున కారెంపూడి యుద్ధం. ఈ కథను ఏటా కార్తీకంలో కారెంపూడి వీరుల తిరునాళ్లలో వీరవిద్యావంతులనే గాయకులు కత్తి ఝళిపిస్తూ, పంబ దరువు మీద పాడతారు. ఇక్కడ నాయకురాలి మాటను కూడా మగ గొంతే పలుకుతుంది. సత్తెనపల్లి ప్రాంతంలోని వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ ఆమె మీద ‘నాయకురాలు’ నాటకం రాశారు. తెర మీద ‘పల్నాటి యుద్ధం’లో 1947లో కన్నాంబ, 1966లో భానుమతి నాగమ్మలయ్యారు. ఇద్దరూ తమ పాటలు తామే పాడుకోగల నటీమణులే.

కొల్లూరు గని గుంటలు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉన్నాయి. కారెంపూడి పాట మాత్రం సముద్రాలు దాటింది. జీన్ రోఘెయిర్ అనే అమెరికన్ పరిశోధకుడు వీరవిద్యావంతుల నోట దాన్ని రికార్డు చేసి, ఇంగ్లీషులోకి తెచ్చి, 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి అచ్చు వేయించాడు. గోల్కొండ రాణి కథలో పల్నాడు పేరు లేదు. ఈ పుస్తకం పేరులోనే పల్నాడు ఉంది.