నేత నిర్మాణం: నగరి మరమగ్గాలు, సాగే డెనిమ్

చిత్తూరు జిల్లాలో, తమిళనాడు సరిహద్దున, కుశస్థలి నది ఒడ్డున ఉన్న నగరి మరమగ్గాలకు పేరున్న పట్టణం. పొరుగున ఏకాంబరకుప్పం, పుత్తూరుల్లోనూ ఇదే వృత్తి.

మగ్గం ఏదైనా, సాదా నేతలో పేక దారం ఒక పడుగు పోగు పైనుంచి, పక్క పోగు కిందనుంచి పోతుంది. పోగులు అడుగడుగునా ముడిపడతాయి కాబట్టి బట్ట నిలకడగా ఉంటుంది, సాగదు. డెనిమ్‌ది 3/1 ట్విల్ నేత: పేక మూడు పడుగు పోగుల కిందనుంచి వెళ్లి ఒకదాని పైకి వస్తుంది. నీలిమందు అద్దిన పడుగు పైకి తేలడం వల్లే బట్ట ముఖం నీలం, వెనుక తెలుపు.

సాగే డెనిమ్‌లో ఆ గుణం సాధారణంగా పేకలో ఉంటుంది. 1958లో డ్యూపాంట్ కంపెనీలో రూపొందిన స్పాండెక్స్ అనే సాగే పోగును మూడు, నాలుగు రెట్లు లాగి పట్టి, చుట్టూ పత్తి పీచు పేనుతారు. బట్ట బరువులో స్పాండెక్స్ తరచూ 1–3 శాతమే. మగ్గం మీద వెడల్పుగా నేసిన బట్ట దిగాక ముడుచుకుంటుంది. ఆ ముడుచుకున్న మేరే తర్వాత సాగుతుంది. అందుకే పోగులు దూర్చే అచ్చులో పడుగును కాస్త పలచగా పెట్టాలి. కిక్కిరిస్తే ఎంత స్పాండెక్స్ వేసినా వృథా.

కొనేవాళ్లు సాగుడే చూస్తారు గానీ, అసలు పరీక్ష తిరిగి ముడుచుకోవడంలో ఉంది. అది చాలకపోతే ప్యాంటు మోకాళ్ల దగ్గర ఉబ్బుతుంది. స్పాండెక్స్‌కు తోడు పాలియెస్టర్ పోగునూ లోపల పెట్టే జంట నడిమి నూలు ఈ లోపాన్ని తగ్గిస్తుంది. క్లోరిన్ బ్లీచు, మితిమీరిన వేడి స్పాండెక్స్‌ను దెబ్బతీస్తాయి.