జారు గీత

మా మనవరాలు ఇక్కడ ఆక్లండ్‌లో కీబోర్డు నేర్చుకుంటోంది. "తాతయ్యా, నీ ఘంటసాల పాట కాగితం మీద రాసివ్వు, వాయిస్తాను" అంది. మల్లీశ్వరి (1951) లోని పాటే కదా, ఎంతసేపులే అని కూర్చున్నాను. నాలుగు ఆదివారాలు పట్టింది. ముక్కముక్కగా ఆపి వింటూ, ముందు సరిగమల్లో రాసి, తర్వాత ఐదు గీతల మీదికి ఎక్కించాను. పిల్ల తప్పు లేకుండా వాయించింది. స్వరాలన్నీ ఉన్నాయి, పాట లేదు. ఆయన జారుతూ వచ్చి వాలిన స్వరం నా కాగితంలో మేకు కొట్టినట్టు నిలబడింది.

ఈ తంటా పడినవాళ్ళలో నేను మొదటివాణ్ణి కాను. 1890లలో మదరాసులో ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయడానికి పూనుకున్నారు. ఎట్టయపురం ఆస్థాన విద్వాంసులు సుబ్బరామ దీక్షితులు ఆయనకు సాయపడ్డారు. మొదలియారుకు చూపు మందగించింది, పని మిగిలిపోయింది. కానీ ఆయన ప్రోద్బలంతోనే దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' రాశారు. 1904లో ఎట్టయపురంలో అచ్చయింది. అరవనాట, తెలుగు లిపిలో! దీక్షితులు ఐదు గీతల జోలికి పోలేదు. సరిగమలే ఉంచి వాటి నెత్తిన గమకాలకు గుర్తులు పెట్టారు. కంపితానికి అలల గీత, జారుకు ఏటవాలు గీత, నొక్కుకు, స్ఫురితానికి వేరేవి. ఆ అచ్చు కూర్చినవారికి చేతులెత్తి మొక్కాలి. అయినా గురువు పాడగా వినకుండా ఆ గుర్తుల్ని చదవడం కష్టమేనని నా అనుభవం.

మనం వచ్చి చేరిన ఈ దేశంలోనూ అదే గొడవ. ఇక్కడ గవర్నరుగా చేసిన జార్జ్ గ్రే 1855లో లండన్‌లో వేసిన పుస్తకం చివర జేమ్స్ డేవీస్ మావోరీ పాటల గురించి రాస్తూ, వాటిలో అర్ధస్వరం కన్నా చిన్న అంతరాలున్నాయని వాదించారు. నూరేళ్ళ తర్వాత, 1958 నుంచి, మెర్విన్ మెక్లీన్ టేపురికార్డరుతో తిరిగి పెద్దల పాటలు వందలకొద్దీ ఎక్కించుకున్నారు. మార్గరెట్ ఆర్బెల్‌తో కలిసి 1975లో వేసిన పుస్తకంలో వాటిలో కొన్నిటికి స్వరలిపి ఇచ్చారు. టేపు దగ్గరుంది కాబట్టి అనుమానం వస్తే మళ్ళీ వినవచ్చు. దీక్షితులకు ఆ వీలు లేదు, జ్ఞాపకమే టేపు.

నేనూ మా పిల్ల కాగితం మీద ఏటవాలు గీత ఒకటి గీశాను.

"కీబోర్డు మీద జారేదెలా తాతయ్యా? నువ్వు పాడు."

పాడాను. గొంతు కాస్త వణికింది. పిల్ల పెన్సిలు తీసుకుని, నా గీత చెరిపి, ఇంకొంచెం కిందినించి మొదలుపెట్టి మళ్ళీ గీసింది.