వెల్లకిలా, బోర్లా: పసిబిడ్డ పక్క కథ

గత సంక్రాంతి నాడు మన సంఘ సమావేశంలో, భోజనాల వేళ, నెలలు నిండిన ఒక అమ్మాయి నా పక్కన కూర్చుని ఒక ప్రశ్న వేసింది. "పిన్నిగారూ, మా అమ్మ కాన్పుకు వస్తూ బొంత, ఆవాల దిండు తెస్తోంది. ఇక్కడి హెల్త్ విజిటరేమో కాట్‌లో పరుపు, దాని మీద దుప్పటి తప్ప దిండూ గిండూ ఏమీ ఉండకూడదంటోంది. ఎవరి మాట వినమంటారు?"

అప్పటికి తోచిన జవాబు చెప్పాను గాని, ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఎందుకంటే 1978లో ఇదే తగాదా మా ఇంట్లోనూ జరిగింది. అప్పుడు నేను ఎవరి మాట విన్నానో, ఎందుకు విన్నానో చెప్పాలంటే పసిబిడ్డల పక్క చరిత్ర కొంత చెప్పుకోవాలి.

ఈ దేశంలో మా అమ్మాయి పుట్టినప్పుడు మా అత్తగారు తెనాలి నుండి వచ్చారు. ఆస్పత్రిలో నర్సు బిడ్డను బోర్లా పడుకోబెట్టింది. వెల్లకిలా పడుకుంటే కక్కిన పాలు గొంతుకు అడ్డుపడతాయని చెప్పింది. ఇంటికి వచ్చాక నేనూ అలాగే పడుకోబెట్టేదాన్ని. రాత్రి నాకు కన్ను మూతపడగానే అత్తగారు మెల్లగా వచ్చి బిడ్డను వెల్లకిలా తిప్పేవారు. నేను లేచి మళ్ళీ బోర్లా వేసేదాన్ని. "బోర్లా పడటం బిడ్డ పనే అమ్మాయ్, మనం పడవేయకూడదు" అనేవారావిడ. చదువుకున్నదాన్ని కనుక నర్సు మాటే నాకు శాస్త్రంగా తోచింది. అత్తగారిది చాదస్తం అనుకున్నాను.

నిద్రలో బిడ్డ పోతుందేమోనన్న భయం మానవజాతి అంత పాతది. బైబిలులో సొలొమోను రాజు తీర్పు కథ మనలో చాలామందికి తెలుసు. ఇద్దరు తల్లులు ఒక బిడ్డ కోసం తగువులాడటానికి మూలం, రాత్రి నిద్రలో ఒకామె తన బిడ్డ మీద పొర్లడమే. ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో దీనికి ఒక ఉపాయం చేశారు. గూడుబండి కప్పులాగా వంపు తిరిగిన చెక్క చట్రాన్ని బిడ్డ మీద ఉంచేవారు. పైన కప్పిన దుప్పటి గాని, పక్కనున్న దాది ఒళ్ళు గాని బిడ్డకు తగలకుండా అది కాచేది. పాలివ్వడానికి వీలుగా పక్కన ఒక ఖాళీ కూడా ఉండేది. 18వ శతాబ్దం తొలి భాగంలో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో దీని వర్ణన అచ్చయింది.

ఈ దేశంలో మాత్రం ఉపాయం కంటే నింద ముందు పుట్టింది. స్కాట్లండులోని డండీ నగరంలో పోలీసు వైద్యుడైన టెంపుల్‌మన్ 1892లో 258 మంది శిశువుల మరణాలను పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించాడు. ఇవి శనివారం రాత్రులలో ఎక్కువగా జరుగుతున్నాయని గమనించి తల్లుల అజ్ఞానం, తాగుడు, ఇరుకు ఇళ్ళు కారణాలని రాశాడు. 1908 నాటి పిల్లల చట్టంలో, తాగి పడుకున్న పెద్దవారి పక్కలో మూడేళ్ళలోపు బిడ్డ ఊపిరాడక చనిపోతే అది నేరమని చేర్చారు. బిడ్డను వేరే తొట్టెలో పడుకోబెట్టండి, అంతా సర్దుకుంటుంది అన్నది ఆనాటి ఉపదేశం.

కాట్‌లు వచ్చాయి. కాని ఆ కాట్‌లలో కూడా ఆరోగ్యంగా ఉన్న బిడ్డలు తెల్లవారేసరికి లేకుండా పోతూనే వచ్చారు. 1950లలో దీనికి "కాట్ డెత్" అని పేరు పడింది. 1969లో అమెరికాలోని సియాటిల్‌లో జరిగిన సమావేశంలో వైద్యులు దీనికి శాస్త్రీయమైన నిర్వచనం ఇచ్చారు. పేరు దొరికింది గాని కారణం దొరకలేదు.

ఈలోగా మరో మార్పు వచ్చింది. అమెరికా వైద్యుడు డాక్టర్ స్పాక్ పిల్లల పెంపకం పుస్తకం 1946లో వెలువడింది. మొదటి కూర్పులో ఆయన వెల్లకిలా పడుకోబెట్టడమే మంచిదన్నాడు. 1950ల నడుమ నుండి వచ్చిన కూర్పులలో బోర్లా మంచిదని మార్చాడు. వాంతి గొంతుకు అడ్డుపడుతుందనీ, తల ఒకవైపు చదునవుతుందనీ ఆయన వాదం. ఆ పుస్తకం లక్షల ఇళ్ళకు చేరింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు బోర్లా ఉంటే ఊపిరి తేలికగా తీస్తారని ఆస్పత్రులలో గమనించి, నిండు నెలల పిల్లలకు కూడా అదే వర్తింపజేశారు. 1970ల నాటికి బ్రిటన్, హాలెండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశాలలో ఇది వేదవాక్కు అయింది. మా అమ్మాయిని బోర్లా వేసిన నర్సు కూడా తాను నేర్చుకున్నదే చెప్పింది. ఆమెను అనవలసిందేమీ లేదు.

అయితే ఆ ఉపదేశానికి ఆధారం ఏమిటి? 2005లో రూత్ గిల్బర్ట్ మొదలైనవారు పాత పరిశోధనలన్నీ పోగుచేసి చూశారు. బోర్లా పడుకోబెట్టడం ప్రమాదమని 1970 నాటికే లెక్కలలో కనిపిస్తోంది. వాటిని ఒకచోట చేర్చి చూసినవారే లేరు. చూసి ఉంటే బ్రిటన్‌లో 10,000 మందికి పైగా, ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండులలో కలిపి కనీసం 50,000 మంది శిశువులు దక్కేవారని వారు తేల్చారు. ఈ అంకె చదివిన రోజు నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. మా బిడ్డ దక్కింది. అది మా అదృష్టం, నా తెలివి కాదు.

నిజం తూర్పు నుండి, దక్షిణం నుండి మెల్లగా బయటపడింది. బిడ్డలను వెల్లకిలా పడుకోబెట్టే అలవాటున్న హాంకాంగ్‌లో కాట్ డెత్ చాలా అరుదని 1985లో డేవిస్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో రాశాడు. హాలెండులో 1987లో డి యోంగె అనే ఆచార్యుడు బోర్లా వద్దని ప్రచారం మొదలుపెట్టాడు. న్యూజిలాండులో పెద్ద పరిశీలన జరిగింది. ఇంగ్లండులోని ఏవన్ జిల్లాలో పీటర్ ఫ్లెమింగ్ బృందం చనిపోయిన ప్రతి బిడ్డ ఇంటికీ వెళ్ళి పక్క ఎలా ఉంది, ఎన్ని దుప్పట్లు కప్పారు, గది ఎంత వెచ్చగా ఉంది అని అడిగి, అదే ఈడు పిల్లలున్న ఇళ్ళతో పోల్చింది. 1990లో ప్రకటించిన ఫలితం ప్రకారం బోర్లా పడుకున్న బిడ్డలకు ప్రమాదం సుమారు 9 రెట్లు. అతిగా కప్పడం మరో ప్రమాదం.

1991 జూలైలో టెలివిజన్ వ్యాఖ్యాత ఆన్ డైమండ్ తన పసివాడిని ఇలాగే పోగొట్టుకుంది. ఆమె న్యూజిలాండు వెళ్ళి అక్కడ జరిగినది తెలుసుకుని వచ్చి, ఇక్కడి ప్రభుత్వాన్ని పట్టుబట్టి అడిగింది. ఆ ఏడాది చివర "బ్యాక్ టు స్లీప్" అనే ప్రచారం మొదలైంది. బిడ్డను వీపు మీద పడుకోబెట్టండి అన్నదే అందులోని ముఖ్యమైన మాట. 1980ల చివర ఇంగ్లండు, వేల్సులలో ఏటా వెయ్యికి పైగా ఉన్న ఈ మరణాలు 1992కే సగానికి తగ్గిపోయాయి. కొత్త మందు లేదు, యంత్రం లేదు. బిడ్డను తిప్పి పడుకోబెట్టారు, అంతే.

మరి వాంతి భయం మాటేమిటి? వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు ఊపిరి గొట్టంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా పడుకుంటే ఊపిరి గొట్టం కిందికి వస్తుంది. మెత్తటి పక్కలో ముఖం కూరుకుపోతే బిడ్డ తాను వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తుంది. పసిబిడ్డ ఒంటి వేడి ఎక్కువగా పోయేది ముఖం, తల నుండే గనుక వేడి కూడా లోపలే నిలిచిపోతుంది.

పరుపుల విషయంలో మరో కంగారు కూడా పుట్టింది. పరుపులోని రసాయనాల నుండి విషవాయువు వస్తోందని 1994లో ఒక టెలివిజన్ కార్యక్రమం చెప్పగా వేలాది తల్లిదండ్రులు హడలిపోయారు. లేడీ లిమరిక్ అధ్యక్షతన నిపుణుల సంఘం పరిశీలించి, దానికి ఆధారం లేదని 1998లో తేల్చింది. గట్టిగా చెప్పిన మాటలన్నీ నిజాలు కావని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను.

ఇక మన సంగతికి వస్తాను. మన ఇళ్ళలో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు చేసి పంచుతాము. ఆలోచించండి: తానై బోర్లా పడటం ఒక పండుగ కావాలంటే, అంతవరకు బిడ్డ వెల్లకిలా ఉండాలి గదా! మా అత్తగారి మాటలో ఉన్నది ఇదే. ఇక్కడి లెక్కలు కూడా ఆ వైపే చూపాయి. భారత ఉపఖండం నుండి వచ్చిన తల్లుల బిడ్డలలో ఈ మరణాలు తక్కువని 1989లోనే ఒక వ్యాసం వచ్చింది.

అంతమాత్రాన మన అలవాట్లన్నీ మంచివని గర్వపడే వీలు లేదు. బ్రాడ్‌ఫర్డులో జరిగి 2012లో వెలువడిన ఒక పరిశీలనలో, పాకిస్తానీ కుటుంబాలు బిడ్డను ఒంటరి గదిలో పడుకోబెట్టడం చాలా అరుదనీ, తల్లిపాలు ఎక్కువగా ఇస్తారనీ తెలిసింది. ఇవి రక్షణ నిచ్చే అలవాట్లు. కాని ఆ ఇళ్ళలోనే బిడ్డ పక్కన దిండు, మీద డ్యూవే ఎక్కువగా కనిపించాయి. అవి రక్షణ కాదు. మన ఇళ్ళు చూసినా అదే కనిపిస్తుంది.

తెనాలి ఎండలో చాప మీద నాలుగు మడతల పాత చీర పరిస్తే అది గట్టి, పలచని పక్క. పక్కనే అమ్మమ్మో నాయనమ్మో మెలకువగా ఉండేది. చీర ఉయ్యాల ఊపే చేయి ఒకటి ఎప్పుడూ ఉండేది. ఇక్కడ హీటింగు, మూసిన తలుపులు, దూది కుక్కిన బొంత, అలసిపోయిన ఇద్దరే మనుషులు. పక్క వచ్చింది గాని కాపలా రాలేదు.

కనుక ఆ అమ్మాయికి నా జవాబు ఇది. బిడ్డను ప్రతి నిద్రకూ వెల్లకిలా పడుకోబెట్టు. పక్కకు తిప్పి కూడా వద్దు. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. ఏడాది నిండేదాకా దిండు, డ్యూవే, బొమ్మలు, కాట్ చుట్టూ కట్టే మెత్తలు వద్దు. కాళ్ళు కాట్ అడుగు చివరకు తగిలేలా పడుకోబెట్టి, పలచని దుప్పటి భుజాలు దాటకుండా దోపు. గది 16 నుండి 20 డిగ్రీలు చాలు. మొదటి ఆరు నెలలూ మీ గదిలోనే ఉంచు. సోఫాలో బిడ్డతో నిద్రపోవద్దు, పొగ దగ్గరకు రానీయవద్దు. తల గుండ్రంగా రావాలంటే మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్ళెదుట కాసేపు బోర్లా ఆడనివ్వు. ఉయ్యాలలో ఊపు, పాడు; నిద్రపోగానే చదునైన పక్క మీదికి మార్చు.

మీ అమ్మగారి మనసు కష్టపెట్టవద్దు. వెల్లకిలా పడుకోబెట్టే విషయంలో ఆవిడదే గెలుపని ముందు చెప్పు, తరువాత దిండు సంగతి ఎత్తు. ఆ బొంతను నేల మీద పరిచి బిడ్డను ఆడించుకోమను. ఆవాలు పోపుకు పనికివస్తాయి.

మా అత్తగారు 1990లో కాలం చేశారు. ఆవిడ మాటే సరైనదని ఈ దేశం ఒప్పుకున్నది ఆ మరుసటి ఏడు. నేను ఆవిడకు చెప్పుకోలేకపోయాను. అందుకే ఇక్కడ రాశాను.