దామెర్ల వెనుక నిలిచినవారు

రాజమహేంద్రవరం పేరు చెప్పగానే మనకు నన్నయ భట్టారకుడు, ఆ వెనుక కందుకూరి వీరేశలింగం పంతులుగారు స్ఫురిస్తారు. అక్షరాన్ని నమ్ముకున్న వాళ్ళం కనుక అది సహజమే. అయితే ఇరవయ్యో శతాబ్ది తొలి పాదంలో అదే ఊరిలో కొందరు యువకులు కుంచెలు చేతబట్టి, ఒక సమాజంగా కూడి, ఏటేటా చిత్రప్రదర్శనలు నడిపించారు. ఆ సమాజం పేరు ‘ఆంధ్రా సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్’. దానికి మూలపురుషుడు దామెర్ల రామారావు. ఆయనను గురించి చాలామంది వ్రాశారు. నేను ముఖ్యంగా చెప్పదలచినది ఆయన పోయిన తరువాతి కథ. కాని ముందు కథ లేక అది బోధపడదు.

ఆ ముందు కథలో మొదటి పాత్ర ఒక ఆంగ్లేయుడు. ఆస్వాల్డ్ కూల్డ్రే 1909 నుండి 1919 వరకు రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాలు. స్వయంగా చిత్రకారుడు, రచయిత. దొరతనం వెలగబెట్టే అధికారులు ఎందరో వచ్చారు, పోయారు. ఈయన మాత్రం పిల్లలలో ఎవరి చేతిలో ఏ విద్య దాగి ఉన్నదో వెదికి పట్టేవాడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన శిష్యులే. ఒకే గురువు నీడన ఒకరు కవిగా, ఒకరు చిత్రకారుడిగా, బాపిరాజు రెండూగా రూపొందడం ఆ గురువు చూపు ఎంత విశాలమో చెబుతుంది. మన బడులలో డ్రాయింగు మాస్టారి పీరియడును లెక్కల మాస్టారు లాక్కోవడం ఎరిగినవాణ్ణి కనుక ఈ మాట కొంచెం గట్టిగానే అంటున్నాను.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలోనే పుట్టాడు. కూల్డ్రే ప్రోత్సాహంతో 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరాడు. అక్కడ చదువు ముగించుకుని, దేశం కొంత తిరిగి, మళ్ళీ గోదావరి ఒడ్డుకే వచ్చాడు. ఈ తిరిగిరావడమే నాకు ముఖ్యమైన విషయంగా తోస్తుంది. బొంబాయిలోనే ఉండిపోతే పేరూ ధనమూ ఎక్కువగా వచ్చేవేమో. రాజమండ్రిలో చిత్రం కొనేవారెవరు? ఆనాడు గోడమీద పటమంటే రవివర్మ అచ్చుపటమే. అటువంటి చోట చిత్రకళాశాల పెట్టి, సమాజాన్ని స్థాపించి, ప్రదర్శనలు జరపడమంటే బొమ్మలు వేయడం ఒక్కటే కాదు, బొమ్మను చూసే కన్నును కూడా తయారు చేసుకోవడం.

ఆ రోజులలోనే బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ ఛటర్జీ వంగదేశపు పద్ధతి నేర్పుతున్నాడు. బాపిరాజు అక్కడ చేరి ఆ దారి పట్టాడు. రామారావు దారి వేరు. బొంబాయిలో నేర్చిన దేహనిర్మాణ జ్ఞానాన్ని, అజంతా రేఖా సంప్రదాయాన్ని ఆయన కలిపాడు. వంగ చిత్రాలలోని మంచుతెర ఈయన బొమ్మలలో పలుచన. అవయవాలు స్పష్టం, ముఖాలు మన ఊరివి. ‘ఋష్యశృంగ బంధనము’, ‘కార్తీక పౌర్ణమి’, ‘పుష్పాలంకరణ’, ‘నంది పూజ’ వంటివి చూస్తే ఈ మాట తెలుస్తుంది. ‘సిద్ధార్థ రాగోదయము’ అన్న పేరు మీద ఒక్క మాట. బుద్ధుని కథ అనగానే అందరూ వైరాగ్యం వైపు పరుగెత్తుతారు. ఈయన రాగాన్ని ఎంచుకున్నాడు. రాగమంటే అనురాగమూ అవును, రంగూ అవును. చిత్రపటానికి అంతకంటె తగిన పేరు వేరొకటి దొరకదు.

ఈ బృందంలో స్త్రీలు ఉండడం మరచిపోరాదు. రామారావు భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకర్త్రులే. 1920లలో ఒక తెలుగు గృహిణి కుంచె పట్టడం ముచ్చటగా చెప్పుకుని వదిలేసే సంగతి కాదు. ప్రత్యేకంగా ఒక వ్యాసానికి తగిన విషయం.

1925 ఫిబ్రవరి 6న మశూచికంతో రామారావు కన్నుమూశాడు. నిండా ఇరవై ఎనిమిదేళ్ళు లేవు. ముప్పయికి పైగా తైలవర్ణ చిత్రాలు, వందకు మించిన నీటిరంగుల చిత్రాలు, లెక్కకు మిక్కిలిగా పెన్సిలు రేఖాచిత్రాలు మిగిలాయి.

ఇటువంటి సందర్భంలో సాధారణంగా ఏం జరుగుతుంది? బాగున్నవి నాలుగు జమీందారుల మేడలకు చేరతాయి. నాలుగు బంధువుల అటకలమీద చెదలపాలవుతాయి. సమాజం సంతాప తీర్మానంతో సమాప్తమవుతుంది. రాజమండ్రిలో అలా జరగలేదు. రామారావు మిత్రుడు, తానూ మంచి చిత్రకారుడు అయిన వరదా వెంకటరత్నం ముందు నిలిచాడు. చిత్రాలను చెదరనీయలేదు. బోధన ఆగనీయలేదు. వాటి కోసం ఒక చిత్రశాల ఏర్పడింది. తరువాతి కాలంలో అది ప్రభుత్వ ఆధీనంలోకి వెళ్ళింది. తన బొమ్మలు వేసుకోవలసిన చేతులతో మిత్రుని బొమ్మలు కాపాడిన ఈయనను రామారావు శిష్యుడని ఒక్కమాటతో సరిపెట్టడం నాకు న్యాయంగా తోచదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దాన్ని దాచను. ఆ చిత్రాలు చాలావరకు ఒక్కచోటనే ఉండిపోవడం వల్ల రామారావు ఢిల్లీ, ముంబయి మ్యూజియములలో తిరిగేవారి కంటబడలేదు. భారతీయ చిత్రకళా చరిత్రలు వ్రాసేవారు ఎక్కువగా ఆ మ్యూజియములనే చూసి వ్రాస్తారు. శాంతినికేతనానికి దక్కిన పుటలు రాజమండ్రికి దక్కకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. అలాగని చిత్రాలను దేశమంతా చెదరగొట్టి ఉంటే బాగుండేదా? పది మ్యూజియములలో తలా ఒక పటం ఉంటే పేరు పెరిగేది. కాని ఒక మనిషి చేయి ఏడాదికేడాది ఎలా పదునెక్కిందో, పెన్సిలు గీత నుండి తైలవర్ణం దాకా ఒక ఊహ ఎలా నడిచిందో చూసే వీలు ఉండేది కాదు. చరిత్రకారుడు ఏమన్నా అనుకోనీ, చిత్రం నేర్చుకోగోరే పిల్లవాడికి ఈ రెండవదే మేలు.

2015లో పుష్కరాలూ జరిగాయి, ఊరి పేరూ అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. పాతపేరు తిరిగి వచ్చినందుకు మా బోటి భాషాభిమానులం సంతోషించాం. మిత్రులెవరైనా అటు వెళ్ళినప్పుడు స్నానమూ దర్శనమూ అయినాక దామెర్ల చిత్రశాలకు ఒక పూట కేటాయించండి. పెద్ద పటాల దగ్గర అందరూ ఆగుతారు. మీరు మాత్రం వరదా వారి చిత్రాలు ఎక్కడున్నాయని అడిగి చూడండి.